కారం గిర్ని హనీఫా చేతులు

చిట్యాలలో హైవే పక్కన మిరపకాయలు పట్టే కారం గిర్ని నడిపిన హనీఫా మా పొరుగింటి మనిషి. భర్త మెహమూద్ పోయాక ఇరవై ఏళ్లు ఒంటిచేత్తో నడిపింది. గిర్ని గడప తొక్కకముందే మాకు తుమ్ములొచ్చేవి, ఆమె ఆ దుమ్ములోనే కూర్చుని చాయ్ తాగేది. మిరపకాయలో మంట గింజది కాదని, గింజను పట్టుకున్న తెల్లటి ఈనెదని, అది నీళ్లకు లొంగదని, నూనెకో పాలకో లొంగుతుందని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పేది. ఆమె చేతులకు మాత్రం మంట తెలియడం ఎప్పుడో మానేసింది. అందుకే పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు వాళ్లకు ఆడబిడ్డ జన్నత్ బీ స్నానాలు చేయించేది. తల్లి అయివుండి పిల్లల బుగ్గలు తాకదేమని నాకప్పట్లో కోపంగా ఉండేది.

తొంభై మూడు వానాకాలంలో హైవే మీద ఒకామె మెడలోని పుస్తెలతాడు ఎవరో తెంపుకుపోయారు. అప్పటినుంచి హనీఫా కొంగున కారం పొట్లం కట్టుకుని తిరిగింది. ఇదేమన్నా చంపే సామానా, కాసేపు ఏడిపిస్తుంది అంతే అనేది.

ఒక సాయంత్రం మబ్బు పట్టిందని తొందరగా గిర్ని కట్టేసి బయల్దేరింది. కారం పేరుకుంటుందని పనిలో తీసిపెట్టే కళ్లద్దాలు బయట అరుగు మీదే మర్చిపోయింది. రోడ్డు పక్కన మంద ఆపుకున్న బీరన్న వాటిని చూసి, ఇద్దామని ఆమె వెంట నడిచాడు. జల్లు పడుతోందని గొంగడి నెత్తిమీద కప్పుకున్నాడు. నోట్లో తంబాకు ఉంది. ఉమ్మేసి పిలిస్తే అయిపోయేది, కానీ ఆ మహానుభావుడు తంబాకు పారేస్తాడా?

అద్దాలు లేని హనీఫాకు వెనక నల్లటి ఆకారం ఒకటి కనబడింది. అది దగ్గరికొచ్చి చెయ్యి చాచగానే పొట్లం విప్పి మొహాన కొట్టింది. అతను కూలబడి కేక పెట్టాక గానీ గొంతు గుర్తుపట్టలేదు. ఇన్నేళ్లుగా తన దగ్గర కారం పట్టించుకునే బీరన్న.

హనీఫా పని తెలిసిన మనిషి కదా, కేక విని చేరిన మాతో మందలో మేకను పట్టించి పాలు పిండించి అతని మొహం కడిగింది. బోరింగు కొట్టించి నీళ్లతో కళ్లు తుడిచింది. అరగంటలో తగ్గాల్సిన మంట గంటకీ తగ్గలేదు. తుడిచినకొద్దీ అతను ఇంకా అరిచాడు. కళ్లు పోతే మంద ఎవరు కాస్తారని, ఆ ఇల్లు ఎట్లా గడుస్తుందని చుట్టూ చేరిన మా అందరికీ భయం పట్టుకుంది. "నా చేతులతోనే గుడ్డోణ్ణి చేసిన" అని హనీఫా ఏడుస్తూ మళ్లీ తుడిచింది.

అప్పటికి కబురందిన అతని భార్య సత్తమ్మ ఉరికొచ్చింది. తిట్టలేదు, కొట్టలేదు. హనీఫా మణికట్టు పట్టుకుని పక్కకు లాగింది.

"అక్కా, జర నీ చేతులు జూడు."

గోళ్ల సందుల్లో, అరచేతి గీతల్లో ఎర్రగా కారం. పిల్లల విషయంలో అన్నేళ్లు గుర్తున్నది ఆ గాభరాలో మర్చిపోయింది. మంటేమో ఆ చేతులకు తెలియదాయె.

సత్తమ్మ శుభ్రమైన గుడ్డ పాలలో తడిపి మొహం తుడిచింది, బోరింగు నీళ్లు ధారగా కళ్లలో పోసింది. పావుగంటకు బీరన్న ఒక కన్ను తెరిచి పెళ్లాం వైపు చూశాడు.

"కొప్పు ఊడింది, ముడుసుకో" అన్నాడు.

మేం నవ్వాం. హనీఫా మాత్రం బోరింగు గట్టుకు ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఆ ఏడుపు చూస్తే మాకూ ప్రాణం లేచొచ్చింది.

మరునాడు దవాఖానలో డాక్టరు కళ్లు చూసి ఏం కాలేదన్నాడు. కారం కంటిని కాల్చదట, వేడి తెలిపే నరాలను మోసం చేస్తుందట, అందుకే కాలకుండానే కాలినట్టు ఉంటుందట. పైదేశాల పోలీసులు ఆ మిరప సారాన్నే డబ్బాల్లో నింపి, మనిషిని చంపకుండా ఆపడానికి వాడుతున్నారని కూడా చెప్పాడు.

"చేతులు కడుక్కోమని డబ్బా మీద రాస్తరా సార్?" అని హనీఫా అడిగింది. డాక్టరుకు నవ్వాగలేదు.

బయటికొచ్చాక బీరన్న రుమాలు విప్పి, నిన్న ఇవ్వలేకపోయిన అద్దాలు తీశాడు. హనీఫా చెయ్యి చాపబోయి వెనక్కి తీసుకుంది.

"నువ్వే పెట్టు సత్తమ్మా" అని మొహం ముందుకు వంచింది.

సత్తమ్మ పెట్టింది. హనీఫా ఆ అద్దాల్లోంచి ముందుగా బీరన్న కళ్లే చూసింది. ఎర్రగానే ఉన్నాయి, కానీ ఆమెనే చూస్తున్నాయి.