గౌనుకి ఆది జాకెట్టు

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ లేదు. ఏసీకి గ్యాసు నింపడం దగ్గర్నుంచి ఆడవాళ్ల మనసు దాకా అన్నీ తెలుసని బహ్రెయిన్‌లో మా సల్మాబాద్ లేబర్ క్యాంపులో గట్టిగా నమ్మేవాణ్ని. మా క్రైస్తవుల పెళ్లిళ్లలో పెళ్లికూతురి బట్టలు మగపెళ్లివారే పెట్టాలి. ఫోటో చూసి ఖాయం చేసుకున్న అమలాపురం పిల్లేమో తెల్లచీర వద్దు, గౌనే కావాలంది. "బహ్రెయిన్‌ మొత్తానికి పేరున్న షాపులో కొంటా" అని కోతలు కోసేశాను. సెలవు నుంచి తిరిగొస్తున్న మా రూమ్మేటుతో కొలతకి ఆది జాకెట్టు పంపమన్నాను (మన టైలరుకి అదుంటే చాలదూ!).

శుక్రవారం (అక్కడ సెలవు ఆ రోజే) చర్చిలో ఆరాధన అవగానే మనామాలో ఆ షాపుకి వెళ్లాను. ఆ అద్దాలు, ఆ దీపాలు చూసేసరికే సగం ధైర్యం పోయింది. కౌంటరు మీద క్యారీబ్యాగులోంచి పసుపు జాకెట్టు తీసి పరిచాను. మలయాళీ ఆవిడ దాన్ని రెండు వేళ్లతో ఎత్తి, టేపు పెట్టి కొలిచి, "పెద్ద సైజే, భాయ్" అంది హిందీలో. నా గుండె జారింది. ఫోటోలో పిల్ల చీపురుపుల్లలా ఉంది! వీడియో కాల్‌లో ఎప్పుడూ మొహమే కనిపించేది. సరే, మాటిచ్చాక వెనక్కి తగ్గుతామా అనుకుని మంచి గౌను తీయించాను. "కత్తెర పడితే ఇక వాపసు లేదు, ఒకసారి అమ్మాయిని అడుగు" అందావిడ.

వీడియో కాల్ చేశాను. గౌను చూడగానే పిల్ల మొహం వెలిగిపోయింది. అక్కడితో ఆగొచ్చు కదా! మహా ఉదారంగా, "నువ్వెంత లావున్నా నాకిష్టమే" అన్నాను.

"నేను లావా? ఏంటండీ మీరనేది?"

"అదే... జాకెట్టు చూసి..."

"బాబోయ్! అది మా అక్కదండీ! పెళ్లి కాకుండా మగాళ్ల చేతికి నా జాకెట్టెలా పంపుతానండీ, సిగ్గుండొద్దూ? మా ఇద్దరి పొడుగూ ఒకటే కదా, తర్వాత కుట్లేసుకోవచ్చులే అనుకున్నాను." మొహం పక్కకి తిప్పేసుకుంది. "లావు పిల్లే ఇష్టమైతే అలాంటి పిల్లనే చూసుకోండి. ఇప్పుడే నాన్నతో చెప్పేస్తాను."

సంగతి కనిపెట్టిన మలయాళీ ఆవిడ ఫోను లాక్కుని, వచ్చీరాని ఇంగ్లీషులో కొలతలు అడిగింది. "ఆయన్ని బయటికి పంపితేనే చెప్తాను" అంది మా పిల్ల.

నడి ఎండలో గాజు తలుపు బయట పావుగంట నిలబడ్డాను. పెళ్లి ఉందో ఊడిందో తెలియదు. చివరికి ఆవిడ ఫోను చూసి పగలబడి నవ్వడం కనిపించాక ఊపిరి పీల్చుకున్నాను (ఏం మాట్లాడుకున్నారో మా ఆవిడ ఇప్పటికీ చెప్పదు).

గౌను అతికినట్టు సరిపోయింది. ఇప్పుడు బహ్రెయిన్‌లోనే, తుబ్లీలో కాపురం, ఇద్దరు పిల్లలు. మొన్న చర్చికి బయల్దేరుతూ, మూడో జాకెట్టూ పట్టక, మా ఆవిడ అద్దం ముందు నిలబడిపోయింది. "అప్పుడు అక్క జాకెట్టు చూసి అన్నారే, ఆ మాట ఇప్పుడు అనండి చూద్దాం" అంది. నవ్వుతూనే అంది గానీ కళ్లలో నవ్వు లేదు. అన్నాను, మనస్ఫూర్తిగానే అన్నాను. 'ఎంత లావున్నా' అన్న ముక్క మాత్రం తీసేశాను. ఆ కాస్త తెలివి రావడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.