గొంగడి కింద గంజి

ఇన్నేళ్లుగా ఈ మాట నా గొంతులో అడ్డంపడి ఉంది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

మాది మగ్గం నేసే ఇల్లు. వయసులో ఉన్నప్పుడు మగ్గం గుంటలో కూర్చోవడం నాకు నామోషీగా ఉండేది. అందుకని నల్లగొండలో మోటారు సీట్లు కుట్టే దుకాణంలో చేరాను. అరవైల మొదట్లో సంగతి. ఊళ్లో ఒక వకీలు గారికి పాత ఇంగ్లీషు కారు ఉండేది. ఎండాకాలం దాని రేకు పెనంలా కాలేది, ఇంజను మోత సరేసరి. ఆయన తల్లికి తలనొప్పి జబ్బు. ఆమెను తరచుగా హైదరాబాదు దవాఖానకు తీసుకుపోవాలి. లోపల వేడీ చప్పుడూ తగ్గించే పని నాకు అప్పగించారు.

నేల మీద, పైకప్పు కింద, ఇంజనుకూ మనుషులకూ మధ్య ఉండే రేకు మీద గొంగడి ముక్కలు అంటించాలనుకున్నాను. ఉన్ని వేడిని ఆపుతుంది, మోతను మింగుతుంది. జిగురు హైదరాబాదు నుంచి తెప్పిస్తానన్నాడు మా సేటు. నేనే వద్దన్నాను. పడుగుకు గంజి పెట్టే ఇంట్లో పుట్టినవాడికి జిగురు సంగతి ఒకరు చెప్పాలా? చింతగింజల పిండీ జొన్నపిండీ కలిపి చిక్కగా గంజి కాచాను. గొంగడి రేకును కరుచుకుని పట్టుకుంది. దారి పొడుగునా హాయిగా నిద్రపోయానని ఆ పెద్దమ్మ అందట. కొన్నాళ్లు నేను భూమ్మీద నడవలేదు.

గంజి పెట్టిన పడుగును ఎలుకలు కొరకకుండా మా అవ్వ ఎత్తుగా కట్టేది. చిన్నప్పటి నుంచీ చూసినదే. మరి కారులో ఎలుక ఎందుకు గుర్తుకు రాలేదు? మోటారు అంటే తిండి లేని వస్తువనుకున్నానా? ఇప్పటికీ తెలియదు.

ఆ కారు డ్రైవరు యాదయ్య. నాకంటే పెద్దవాడు, నెమ్మదస్తుడు, బీడీ ఒక్కటే అలవాటు. ఒకనాడు నార్కట్‌పల్లి దారిలో అతని కాళ్ల దగ్గర నుంచి పొగ లేచింది. ముందు పెద్దమ్మను దింపాడు. తర్వాత కాలుతున్న గొంగడిని వట్టి చేతులతో పీకి రోడ్డు మీద పారేశాడు. అరచేతులు బొబ్బలెక్కాయి.

కారు మళ్లీ నా దగ్గరికే వచ్చింది. మిగిలిన గొంగడి ఊడదీశాను. గంజి ఉన్నచోటల్లా కొరికేసి ఉంది. పక్కనే ఎలుక పెంటికలు. అక్కడి వైరు తొడుగు కూడా కొరికేసి, లోపలి రాగి తీగ రేకుకు తగులుతోంది. అంతా అర్థమైంది. వకీలు గారు వెనక నిలబడి, ఎట్లా అంటుకుందని అడిగారు.

"బీడీ నిప్పు పడ్డట్టున్నది, సాబ్."

నోట్లోంచి ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో! చెబుతూనే పెంటికలను అరచేత్తో ఊడ్చి జేబులో వేసుకున్నాను. మళ్లీ మగ్గం గుంటలోకి దిగాల్సి వస్తుందని భయం. అంతే. ఆ సాయంత్రమే యాదయ్యను పనిలోంచి తీసేశారు. ఆ తర్వాత అతని చేతికి ఎవరూ బండి ఇవ్వలేదు.

కొన్నేళ్లకు కల్వకుర్తి బజారులో పల్లికాయ బస్తాలు మోస్తూ కనిపించాడు. నేను తప్పుకుందామనుకున్నాను. అతనే బస్తా దించి, నా దగ్గరికి వచ్చాడు.

"బాగున్నవా తమ్మీ?"

"బాగున్న అన్నా."

"గా దినం బండి ఎక్కే ముంగట ఒక బీడీ తాగిన. ఆర్పిననే అనుకున్న. ఆర్పలేదేమో మరి. నీ కష్టమంత కాలవెట్టిన. మనసుల వెట్టుకోకు."

చెప్పవలసిన చోటు అదే. వకీలు గారు లేరు, సేటు లేడు, పోయే పని లేదు. అతని అరచేతుల మీద మచ్చలు నాకు కనిపిస్తూనే ఉన్నాయి.

"పోనియ్యే అన్నా, అయిపోయిన ముచ్చట," అన్నాను.

అతని ముఖం తేటపడింది. మొదటి అబద్ధం భయంతో ఆడాను. మరి ఇది? చేయని తప్పుకు అతను నన్ను క్షమాపణ అడిగితే, పెద్దమనిషిలా క్షమించాను. నన్ను నేను అసహ్యించుకునేది దీనికే.

యాదయ్య ఇప్పుడు లేడు. క్షమించమని అడగడానికి మనిషి లేడు, మిమ్మల్ని అడిగే హక్కు నాకు లేదు. రాస్తుంటే మాత్రం ఊపిరి కొంచెం ఆడుతోంది. వకీలు గారితో అనవలసిన మాట, కల్వకుర్తిలో అనవలసిన మాట ఇక్కడ అంటున్నాను. యాదయ్య బీడీ ఆర్పేశాకే బండి ఎక్కాడు.