ప్రెషర్ స్విచ్ తరఫున నేను

ఆ రోజుల్లో, అంటే పాలిటెక్నిక్ పూర్తయినా పని దొరకని ఏడాదిలో, నేను మనుషులతో కన్నా పుస్తకాలతోనే ఎక్కువ మాట్లాడేదాన్ని. అవి తిరిగి ప్రశ్నలు అడగవు కదా. ఇది చూసి బెంగపడ్డ అమ్మ, సుబేదారిలో కార్ల ఏసీలు బాగుచేసే మా మేనమామ షాపుకు నన్ను పంపింది. పని నేర్చుకోవడం వంక. నలుగురితో మాట్లాడటం నేర్చుకోవాలన్నది అసలు సంగతి. నేను మూలన స్టూలేసుకుని మామ చేసేదంతా డైరీలో రాసుకునేదాన్ని. (మామ తిట్లు కూడా. అవి వేరే పేజీలో.)

ఒక ఎండాకాలం ఎనుమాముల మార్కెట్ మిర్చి వ్యాపారి ఒకాయన కారు ఇచ్చి వెళ్లాడు. కంప్రెసర్ బిగుసుకుపోయింది. మామ కొత్తది బిగించి, గ్యాస్ నింపి, "బువ్వ తినొద్దాం పా" అన్నాడు. తినొచ్చి చూస్తే కంప్రెసర్ తిరగడం లేదు. వ్యాపారి అప్పటికే భార్యాబిడ్డలతో వచ్చి కూర్చున్నాడు; ఏటూరునాగారం పోవాలట. "గీ ప్రెషర్ స్విచ్చు ఉత్త అనుమానపు మొకంది" అని మామ దాని ప్లగ్గు పీకి, రెండు వైర్లనూ తీగముక్కతో కలిపేశాడు. టక్కున కంప్రెసర్ అందుకుంది. గాలి కాస్త చల్లబడింది. మామ బానెట్ మూసేశాడు.

నా గుండె మాత్రం టక్కున ఆగింది. గ్యాస్ తగ్గితే కంప్రెసర్‌ను ఆపేయడమే ఆ స్విచ్ ఉద్యోగం. అది ఆపిందంటే, మేము పప్పుచారు తింటున్నంతసేపూ గ్యాస్ ఎక్కడో కారిపోయిందన్నమాట. ఇలాగే పోతే, గ్యాస్‌తో పాటు తిరగాల్సిన ఆయిల్ అందక, ములుగు దాటకముందే కొత్త కంప్రెసర్ కూడా బిగుసుకుపోతుంది. దాంతోపాటు మామ పేరు కూడా.

"మామా" అన్నాను. నాకే వినపడలేదు. రెండుసార్లు దగ్గాను. "మందు తాగు బిడ్డా" అన్నాడు మామ. కారు కదిలింది. ఏం తోచక వెళ్లి దానికి అడ్డంగా నిలబడ్డాను.

"ఏందమ్మా, లిఫ్ట్ గావాల్నా?" అన్నాడు వ్యాపారి.

తల అడ్డంగా ఊపి బానెట్ చూపించాను. ఆయన ఇంజన్ ఆపి తెరిచాడు. నేను తీగముక్క పీకి, ప్లగ్గు మళ్లీ పెట్టాను. ఆయన ఇంజన్ వేస్తే ఏసీ లేదు.

"అగో! మంచిగ నడుస్తున్నదాన్ని ఖరాబ్ జేసె! గీమెకు దిమాక్ ఉన్నదా?" అని అరిచాడు.

అప్పుడు నా నోట్లోంచి పాఠ్యపుస్తకం మొత్తం ఊడిపడింది: "అయ్యా, అల్పపీడన స్థితిలో సంపీడకం నడవడం దాని ఆయుష్షుకు హానికరం!"

"గిదేం భాష? ఏ ఊరి పిల్ల గీమె?" అని వ్యాపారి భార్య భర్తను అడిగింది.

మామ సబ్బునురగ తెచ్చి గ్యాస్ గొట్టాల జాయింట్ల మీద రాశాడు. ఒకచోట బుడగలు పొంగాయి. అక్కడ పాత రబ్బరు రింగే మళ్లీ వేసి ఉంది. ("ఇంకో ఏడాది నడుస్తది" అని పొద్దున మామే అన్నాడు, నా దగ్గర రాతపూర్వక ఆధారముంది.) మామ లేచి గంభీరంగా, "నేనే నిలబడుమన్న. మన తాన ఫైనల్ చెకింగ్ గట్లనే ఉంటది" అన్నాడు.

కొత్త రింగు వేసి, గ్యాస్ నింపి, ఈసారి స్విచ్ తనంతట తాను ఒప్పుకున్నాకే కారు వదిలాం. వ్యాపారి పోతూ పోతూ అద్దం దించాడు. "బిడ్డా, మా ఇంట్ల ఫ్రిజ్జు గూడ సల్లబడ్తలేదు. జర ఓసారొచ్చి దాని ముంగట నిలబడు."

అంత ప్రసంగం చేసినదాన్ని, "సరే" అనే రెండక్షరాలు దొరక్క పక్క కారు వెనక్కి పారిపోయాను. ఇప్పుడైతే ఆయనకు దీటుగా ఏదో ఒకటి అనేసి నవ్వేదాన్ని. కానీ నోట మాట రాకుండానే కదిలే కారును ఆపేసిన ఆ పిల్లకున్నంత ధైర్యం నాకిప్పుడు ఉందో లేదో.