దెబ్బ అన్న మాట

నా చిన్నప్పుడు నేనన్న ఒక్క మాటకు మా నాన్న నెత్తురు కారేలా తన్నులు తిన్నాడు.

అప్పుడు మేము మన్సూరాబాద్‌లో కిరాయికుండేవాళ్ళం. నాన్న దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ మధ్య షేర్ ఆటో నడిపేవాడు. గొంతు పెద్దది, కోపమూ ఎక్కువే. ఆ రోజు పొద్దున అమ్మతో గట్టిగా గొడవపడ్డాడు. కాసేపటికి వంటింట్లో ఏదో పడ్డ చప్పుడైతే పరుగెత్తాను. అమ్మ నేల మీద పడి ఉంది. నాన్న ఆమె మీదికి వంగి రెండు చెంపలూ వాయిస్తున్నాడు.

ఎల్బీనగర్‌లో ఒక దవాఖానకు తీసుకుపోయాం. అమ్మకు అన్న, లారీ డ్రైవరైన మా మామయ్య, కబురందగానే వచ్చి ఏమైందని నన్నడిగాడు.

"నాయిన అమ్మను కొట్టిండు" అన్నాను.

సరిగ్గా అప్పుడే నర్సు రక్తపరీక్ష కాగితంతో బయటికొచ్చి, "గుండె కండరం దెబ్బతిన్నది" అంది.

మామయ్యకు దెబ్బ అన్న మాటొక్కటే వినిపించింది. నాన్న కాలర్ పట్టి ముఖాన్ని గోడకేసి కొట్టాడు. పన్ను ఊడి గచ్చు మీద పడింది. కిందపడ్డవాణ్ణి డొక్కలో తన్నాడు, ఇనుప కుర్చీ ఎత్తి వీపు మీద వేశాడు. నాన్న చెయ్యెత్తలేదు.

"ముందుగాల దానికి వైద్యం కానీ బావా. నన్ను తర్వాత సంపుదువు" అన్నాడు నెత్తురు ఉమ్ముతూ.

డాక్టరమ్మ వచ్చి ఇద్దరి మధ్య నిలబడింది. మళ్ళీ లేచిన కుర్చీ భుజానికి తగిలినా కదల్లేదు.

"ఆవిడ ఒంటి మీద ఒక్క గాయం లేదు. చిన్నప్పుడెప్పుడో కీళ్ళజ్వరం వచ్చి గుండె కవాటం పాడైంది, దారి ఇరుకైపోయింది. ఆ సందులోంచి రక్తాన్ని తోయలేక కండరం నలుగుతోంది. నలిగిన కండరంలోంచి ట్రోపోనిన్ అనేది రక్తంలోకి వస్తుంది. కాగితంలో ఉన్నదదే. స్పృహ తప్పితే లేపుదామని చెంపలు కొట్టాడాయన, వచ్చినప్పుడే నాకు చెప్పాడు" అంది.

మామయ్య తన పిడికిలిని గోడకేసి వేళ్ళు చిట్లేదాకా కొట్టుకున్నాడు. ఆపరేషన్‌కు రక్తమిచ్చింది ఆయనే. అమ్మకు కొత్త కవాటం వేశారు, బతికింది.

ఆ మాట చెప్పింది నేనేనని ఒకరోజు ఆటోలో ఏడుస్తూ ఒప్పుకున్నాను. నాన్న పెదవుల వాపు ఇంకా తగ్గలేదు.

"నాకెరుకే బిడ్డా. నువ్వు చూసింది చెప్పినవ్. జర నన్నడిగి చెప్తే అయిపోతుండె" అన్నాడు. మళ్ళీ ఎన్నడూ ఆ ఊసెత్తలేదు.

నాన్న కోపగుణం నాకూ వచ్చింది. నా పిల్లల్లో ఒకరు రెండోవాళ్ళ మీద చాడీతో వస్తే ఆ రెండోవాళ్ళనూ పిలిపిస్తాను. వాళ్ళ మాట పూర్తయ్యేదాకా చేతులు వెనక్కి కట్టుకునే వింటాను.