పేరు చెప్పకుండా బోర్డు రాసిన ఆదివారం

సూర్యాపేట, మిర్యాలగూడ, కోదాడ: ఈ మూడు ఊళ్లనూ ఒక్క రోజులో చుట్టి రావచ్చా అని చాలామంది అడుగుతుంటారు. రావచ్చు. నేను వచ్చాను, అదీ ఈ వయసులో. అయితే నేను బయలుదేరింది ఊళ్లు చూడటానికి కాదు. శనివారం సాయంత్రం నా చెల్లెలి కూతురు సునీత కోదాడ నుంచి ఫోన్ చేసింది. కిందటేడు అక్కడ ఒక లోపలి వీధిలో హోటల్ పెట్టింది. భర్త లారీ డ్రైవరు, నెలలో సగం రోడ్ల మీదే ఉంటాడు. వంట, గల్లా, గిన్నెలు అన్నీ ఆమె, ఆమె అత్త రాములమ్మ చూసుకుంటారు. ఈమధ్య హైవే పక్కన కార్లు ఆపుకోవడానికి మైదానమంత జాగా ఉన్న పెద్ద ఫుడ్ కోర్టు వచ్చాక ఈ వీధిలోకి తిరిగేవాళ్లు తగ్గిపోయారు. ఉంచుతావా, ఖాళీ చేస్తావా అని బిల్డింగ్ ఓనరు అడిగితే ఆదివారం రాత్రి చెప్తానంది. ఎందుకంటే ఆ రాత్రి క్రికెట్ ప్రపంచ కప్పు ఫైనల్, అందులో మనవాళ్లు ఉన్నారు. ఆ రోజు కూడా బల్లలు నిండకపోతే ఇక ఏ రోజూ నిండవని ఆమె లెక్క.

"మామయ్యా, మీ యాదగిరి ఫ్లెక్స్ కొట్టనంటున్నాడు. జర నువ్వు పోయి చెప్పరాదు?" అంది.

యాదగిరి మిర్యాలగూడలో ఫ్లెక్సులు కొడతాడు. కోదాడలో ఆ పని చేసేవాళ్లు లేక కాదు, నా మాట మీద పని అతనికి వెళ్లింది. కంప్యూటర్లు రాకముందు మేమిద్దరం ఒకే నిచ్చెన మీద నిలబడి గోడల మీద అక్షరాలు రాసినవాళ్లం. నిజానికి నేను చదువు నేర్చుకున్నదే గోడల మీద. సబ్బులు, ఎరువులు, బీడీలు, సిమెంటు, అన్నిటికీ రాశాను. 'క్ష' ఎలా రాయాలో ఏ పంతులూ నాకు చెప్పలేదు, ఒక పురుగుమందు కంపెనీ చెప్పింది.

ఉదయం ఆరున్నర దాటాక సూర్యాపేట బస్టాండులో ఇడ్లీ తిని, పెన్‌పహాడ్ మీదుగా పోయే పల్లెవెలుగు ఎక్కాను. గంటన్నర ప్రయాణం. మగవాళ్లకు టికెట్ వందలోపే, ఆడవాళ్లకు లేనే లేదు. అందువల్ల కిటికీ సీట్లన్నీ వాళ్లవే, మనం కడ్డీ పట్టుకుని పొలాలు చూడాలి. చూడదగ్గ పొలాలే. మిర్యాలగూడ దగ్గరపడుతుంటే ఉడికిన వడ్ల వాసన బస్సులోకి వస్తుంది. నిద్రపోతున్నా మీకు ఊరొచ్చినట్టు తెలుస్తుంది.

యాదగిరి దుకాణం షట్టరు సగమే లేపి ఉంది. సునీత పంపిన డిజైను ఫోన్లో చూపించాడు. నడుమ బంగారు రంగు ట్రోఫీ, పక్కన పోటీ చిహ్నం, ముగ్గురు ఆటగాళ్లు నవ్వుతూ బిర్యానీ వైపు చూస్తున్నారు.

"మంచిగనే ఉంది కదరా?"

"మంచిగుంటే ఏం జేస్తవన్నా? కిందటి కప్పుకు ఒక చెప్పుల షాపుకు గిట్లనే కొట్టిచ్చిన. ఎవడో ఫొటో తీసి నెట్ల పెట్టిండు. వకీలు నోటీసు నాకొచ్చింది. గా బొమ్మ, గా పేరు, గా పోరగాళ్ల మొఖాలు, ఏవీ పెట్టి మనం యాపారం జెయ్యొద్దంట. పైసలు కట్టిన కంపెనీలకే హక్కంట."

"కోదాడ సందులో బిర్యానీకి కూడానా?"

"సందైతేంది, సముద్రమైతేంది. మల్లొకసారి పరేషాన్ గాను నేను."

నాకు కోపం రావాలి, కానీ రాలేదు. మా రోజుల్లో ఒక గోడను ముందుగా మాట్లాడుకుంటే దాని మూలన 'ఈ గోడ బుక్ అయినది' అని రాసి పెట్టేవాళ్లం. దాని మీద వేరే పెయింటరు బ్రష్షు పెట్టాడంటే కొట్లాటే. నేను రాసిన సబ్బు మీద ఒకడు రాత్రికి రాత్రి టీపొడి రాస్తే, వాడి డబ్బాలో కిరసనాయిలు పోసి వచ్చాను. ఆ కప్పు వాళ్లు కూడా గోడ బుక్ చేసుకున్నారు. కాకపోతే వాళ్ల గోడ భూగోళమంత ఉంది. ఎక్కడో నెలరోజులు ఆట జరుగుతుంటే ఇక్కడ చెప్పులమ్మేవాడు కూడా ఆ గోడకు ఆనుకోకూడదు. అది మాత్రం కాస్త ఎక్కువే అనిపించింది.

చివరికి యాదగిరి ఏమీ కొట్టని తెల్ల ఫ్లెక్స్ ఒకటి కోసి, చుట్ట చుట్టి నా భుజానికెత్తాడు. "నువ్వే రాసుకోపో అన్నా. చెయ్యి మర్చిపోయిందా ఏంది?" అని నవ్వాడు. మర్చిపోయిందనే నా భయం కూడా.

మిర్యాలగూడ నుంచి కోదాడ బస్సు నేరేడుచర్ల, హుజూర్‌నగర్ మీదుగా పోతుంది. ఇంచుమించు రెండు గంటలు పడుతుంది. నా ఫ్లెక్స్ చుట్ట పైన సామాన్ల అరలో పట్టలేదు. కండక్టరమ్మ దాన్ని దాటలేక ఆగిపోయింది.

"తాతా, గా తోపు ఎవరి మీద పేలుస్తవ్?"

"తోపు కాదు బిడ్డా, ఫ్లెక్స్. ఏమీ రాయనిది."

"ఏమీ రాయని ఫ్లెక్సా! ఎవ్వరి మొఖం లేదా దాని మీద? గసుంటిది నేను ఇంతవరకు సూడలే," అంటూ టికెట్ కొట్టింది. చుట్టకు లగేజీ చార్జీ తీసుకోలేదు.

మధ్యాహ్నం కోదాడలో దిగి హోటల్‌కు చేరేసరికి సునీత ఉల్లిపాయలు కోస్తోంది. సంగతి చెప్పాను. కత్తి పక్కన పెట్టేసింది.

"అయితే ఏం రాస్తాం మామయ్యా? పేరు లేకుండా రాస్తే ఎవరికి తెలుస్తుంది? మాంసం తెచ్చేశాను. రాత్రికి ఓనరు వస్తాడు."

'పెద్ద ఆట' అని రాద్దామన్నాను. కబడ్డీ అనుకుంటారంది. 'ఈ రాత్రి విశేషం' అన్నాను. పెళ్లిచూపులు అనుకుంటారంది. ఇంకో రెండు చెప్పాను, అవి ఇక్కడ రాయదగ్గవి కావు.

పొయ్యి దగ్గర నుంచి రాములమ్మ తల ఎత్తింది. "పేరు జెప్పకుండ జెప్పుడు గంత కష్టమా అన్నా? పెండ్లయిన కాడికెల్లి నేను అదే పని జేస్తున్న."

ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. రాములమ్మ భర్త ఏడుకొండలు. ఆ సమయంలో గల్లా దగ్గర కూర్చుని పేపరు చదువుతున్నాడు. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆమె ఆయన పేరు నోటితో పలకలేదు. రేషన్ కార్డు రాసే మనిషి భర్త పేరేమిటని అడిగితే, "ఆరు గాదు, ఎనిమిది గాదు, మద్దెల కొండలు" అందట. ఆ కార్డు రాసే మనిషి తల కూడా ఎత్తకుండా రాసుకున్నాడట.

"అయితే దీనికి ఏమంటావు చెల్లెమ్మా?" అని అడిగాను.

గరిటె పక్కన పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుని, "రాసుకో మరి," అంది.

నేను బజారుకు పోయి ఎర్ర పెయింటు, రెండు బ్రష్షులు తెచ్చాను. ఫ్లెక్స్‌ను వీధిలోనే పరిచి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టి మొదలుపెట్టాను. మొదటి అక్షరం వంకరపోయింది. రెండోది కొంచెం నయం. మూడో అక్షరం నుంచి చెయ్యి తనంతట తానే నడిచింది. ఆ సంతోషంలో అక్షరాలు కాస్త పెద్దవయ్యాయి. పూర్తయ్యాక ఇలా ఉంది:

పది మంది గాదు, పన్నెండు మంది గాదు.
మద్దెల ఉన్నోళ్లు ఇయ్యాల ఏడింటికి వస్తున్నరు.
పేరు మేం చెప్పం. మీకు ఎరుకే.
లోపల టీవీ ఉన్నది, బిర్యానీ ఉన్నది.

సునీత రెండుసార్లు చదివింది. మొదటిసారి నవ్వింది. రెండోసారి నవ్వు ఆగిపోయింది.

"మామయ్యా, హోటల్ పేరేది?"

నేను చూశాను. కింద వేలెడు జాగా కూడా మిగల్లేదు. జీవితమంతా గోడలు రాసినవాణ్ని, యజమాని పేరుకు చోటు ముందే కొలుచుకోవాలన్నది మా పనిలో మొదటి పాఠం. అది మరిచిపోయాను. వెనక్కి తిప్పి మళ్లీ రాద్దామంటే మూడు దాటింది.

"ఉండనియ్యి," అంది రాములమ్మ. "కప్పు పేరే జెప్పనోళ్లం, మన పేరెందుకు జెప్తం?"

వీధి మొదట్లో, హైవే వైపు కనబడేలా కట్టాం. అరగంట వరకు ఎవరూ రాలేదు. సునీత నన్ను చూడలేదు, నేను ఆమెను చూడలేదు. తర్వాత ఒక బైకు ఆగింది. ఇద్దరు కుర్రాళ్లు చదివి, వేళ్లు లెక్కపెట్టుకుని, పగలబడి నవ్వి ఫొటో తీసుకున్నారు. తర్వాత ఒక కారు, దాని వెనక ఇంకో కారు. ఆరున్నరకు లోపల కుర్చీ లేదు. గోడకు ఎప్పుడూ ఉండే టీవీయే, టికెట్ కూడా లేదు, అయినా జనం గుమ్మం బయట నిలబడి తింటున్నారు. ఒక లారీ డ్రైవరు లోపలికి వచ్చి, "ఏవండీ, పేరు చెప్పని హోటలంటే ఇదేనా?" అని అడిగాడు.

ఓనరు వచ్చేసరికి టాసు అయిపోయింది. ఆయనకు కూడా కూర్చునే చోటు దొరకలేదు. ప్లేటు పట్టుకుని గల్లా పక్కన నిలబడి, "మరి ఏం చేస్తావమ్మా, ఉంటావా?" అన్నాడు.

సునీత చేతుల్లో నాలుగు ప్లేట్లున్నాయి. "అన్నా, జర పక్కకు జరగండి, దారి ఇవ్వండి. ఇంకో ఏడాదికి అద్దె మాట్లాడుకుందాం," అంటూ ఆయన్ని దాటిపోయింది.

మ్యాచ్ ఏమైందో మీకు తెలిసే ఉంటుంది. నేను సగంలోనే లేచి బస్సెక్కాను. కిటికీ పక్కన సీటు దొరికింది. నా వేళ్ల మీద ఎర్ర పెయింటు ఇంకా పోలేదు, పోగొట్టాలని కూడా అనిపించలేదు. పెద్దవాళ్లు పేరు బుక్ చేసుకున్నారు, బొమ్మ బుక్ చేసుకున్నారు. అవి వాళ్లవే, ఉండనివ్వండి. మనుషులకు ఎరుకైన సంగతిని మాత్రం ఇంకా ఎవరూ బుక్ చేసుకోలేదు. దాన్ని వాడుకోవడం పెళ్లయిన నాటి నుంచి తెలిసిన ఒక ఆడమనిషి కోదాడ సందులో ఉల్లిపాయలు వేయిస్తోంది. నిచ్చెన దిగి ఇన్నేళ్లయినా నేను నేర్చుకోవలసిన అక్షరం ఒకటి మిగిలిందని తెలియడం బాగుంది.

మీరు ఈ మూడు ఊళ్లు చుట్టాలనుకుంటే ఒకటే సలహా: సూర్యాపేట నుంచి ముందు మిర్యాలగూడకు వెళ్లి, కోదాడను చివరికి పెట్టుకోండి. అక్కడి నుంచి సూర్యాపేటకు హైవే మీద గంట ప్రయాణం, చీకటి పడ్డా బస్సులుంటాయి కాబట్టి భోజనం తొందర లేకుండా చేయవచ్చు. ఎక్కడ తినాలంటారా? హోటల్‌కు ఒక పేరైతే ఉంది, గుమ్మం మీద చిన్న బోర్డు కూడా ఉంది. ఆ పేరుతో అడిగితే ఎవరూ చెప్పలేరు. బస్టాండులో దిగి, పేరు చెప్పని హోటల్ ఎక్కడ అని అడగండి. ఆటోవాళ్లే తీసుకుపోతారు.