గొర్రెకు పూసినట్లే పూశాను

నిరుడు మోచేతి మీద దురద పుడితే మార్కాపురంలో చర్మం డాక్టరమ్మకు చూపించుకున్నాను. ఆయింట్‌మెంట్ రాసిచ్చి, పలుచగా పూయమంది. మాది పెద్దారవీడు దగ్గర గొర్రెలు కాసే ఇల్లు. గొర్రెకు పుండైతే వేపనూనె దట్టంగా పట్టించి గుడ్డ కట్టడమే నాకు తెలిసిన వైద్యం. నా చేతికీ అట్లాగే చేశాను. రెండు వారాలకు చర్మం పలుచబడి, గాలి తగిలినా భగ్గున మండింది. మళ్లీ పరుగెత్తాను.

"ఏందమ్మా, ఎట్ల పూసినావు?" అని అడిగింది డాక్టరమ్మ.

"గొర్రెకు పూసినట్లే" అన్నాను.

వరుసలో ఉన్నవాళ్లంతా పకపకా నవ్వారు. నాకు తలకొట్టేసినట్లయింది. ఆమె మాత్రం నవ్వకుండా నా చూపుడువేలి కొసంత మందు పిండి, "ఇంతే. గుడ్డ కట్టొద్దు" అంది.

చేయి నయమైంది. ఇప్పుడు పక్కింటి మరదలు "నీ ట్యూబు ఇయ్యి వదినా" అంటే ఇవ్వను.

"గొర్రెకు నోరు లేదు. నీకుంది కదా, పోయి డాక్టరమ్మను అడుగు" అంటాను.