ఖాళీగా వదిలిన రెండో గడి

బ్యాండు వాయిస్తుంటే ముందు నిలబడి జెండాలు తిప్పే జట్టును కలర్ గార్డ్ అంటారని సౌదీలోని ఈ అల్ ఖోబర్ వచ్చేదాకా నాకు తెలియదు. మా అనంతపురంలో స్కూలు జెండా అంటే స్తంభానికి కట్టి వందనం చేసేదే. దాన్ని గాల్లోకి ఎగరేస్తే మా హెడ్మాస్టరు చెవి మెలిపెట్టేవాడు. ఇక్కడ అల్ అజీజియాలోని ఒక ఇండియన్ స్కూల్లో నేను ఆడపిల్లల విభాగానికి ఆటల టీచర్ని. వార్షికోత్సవానికి అలాంటి జట్టు ఒకటి కావాలని మా ప్రిన్సిపల్ గారికి బుద్ధి పుట్టింది. తిప్పే సామాను ఏది తెప్పించాలో తేల్చే పని నా నెత్తిన పడింది.

వీడియోలు చూసి మూడు రకాలుంటాయని తెలుసుకున్నాను. జెండా కట్టిన ఆరడుగుల గొట్టం, చెక్కతో చేసిన ఉత్తుత్తి తుపాకీ, పదును లేని కత్తి. కత్తి గురించి నేను ఆలోచించనేలేదు. మిగతా రెండింటికీ ఒక్కొక్క నమూనా చేయించాను. అల్యూమినియం గొట్టం మరీ తేలికగా ఉంటే సముద్రపు గాలికి జెండా పిల్లల చేతుల్లోంచి కొట్టుకుపోతోంది. అందుకని రెండు కొసల్లోనూ బోల్టులు దింపించి, రబ్బరు మూతలు పెట్టించాను. నడిమధ్యన ఒక్క వేలి మీద అడ్డంగా పెడితే ఎటూ వాలకుండా నిలబడాలి. అది కుదరడానికే నాలుగు రోజులు పట్టింది. ఇక తుపాకీ అన్నది పేరుకే. మూడడుగుల చెక్కపలకను వడ్రంగి కాస్త వంపుగా కోసి తెల్లరంగు వేశాడు, అంతే.

ఆ పలకను మొదట చేతిలోకి తీసుకున్నది తొమ్మిదో తరగతి పిల్ల. జగిత్యాల వైపు వాళ్లు. తండ్రి ఏసీలు బాగుచేసే కంపెనీలో ఫోర్‌మన్. పసితనంలో కాగిన నూనె పడి ఆ పిల్ల ఎడమచేతి మూడు వేళ్లు ముడుచుకుపోయాయి. డాన్సయినా డ్రిల్లయినా ఎప్పుడూ చివరి వరుసే, ఒక్కోసారి అదీ దక్కేది కాదు. ఆరడుగుల గొట్టం తిప్పాలంటే రెండు పిడికిళ్లూ బిగుసుకోవాలి. పలకకైతే కుడిచెయ్యి చాలు. రెండు వారాల్లో దాన్ని తలపైకి ఎగరేసి, గాల్లో రెండు చుట్లు తిరిగాక ఒడుపుగా పట్టుకోవడం నేర్చేసింది. పలక అరచేతిలో పడిన చప్పుడుకి మిగతా పిల్లలు ఆట ఆపి చూసేవాళ్లు. చూస్తున్నారని దానికి తెలుసు. ఆ మూతి బిగింపులోనే బోలెడంత గర్వం కనిపించేది.

ఒకరోజు గేటు దగ్గర వాళ్ల నాన్న ఆగాడు.

"మేడం, ఇంట్ల గూడ కట్టె పట్టుకొని తిప్పుడే. ట్యూబ్‌లైట్ పలగ్గొట్టింది. నేనేమన్లే. ఇన్నేండ్లకు ముందు వరుసల నిలవడ్తదంటే సంబురం గాదా?"

"ముందర వరసలోనే పెడతాను అన్నా" అన్నాను. ఆయన అడగలేదు, నేనే మాట ఇచ్చాను.

సామాను కోసం ఫారం నింపాల్సి వచ్చింది. దాంట్లో రెండు గడులు. మొదటి గడిలో జెండా గొట్టాలు పన్నెండు అని రాశాను. చెక్క తుపాకులు అని రాయాల్సిన రెండో గడి దగ్గర పెన్ను ఆగింది. ఆ కాగితం ముదీరా దగ్గరికి వెళ్తుంది. ముదీరా అంటే మా విభాగం పైన ఉండే సౌదీ ఆవిడ. ఆవిడ సంతకం లేనిదే సుద్దముక్క కూడా రాదు. తుపాకీని అరబ్బీలో ఏమంటారో ఫోన్లో వెతికాను. 'బుందుఖియా' అని వచ్చింది. అప్పటిదాకా నా కళ్లకు చెక్కపలకగానే ఉన్నది ఆ ఒక్క మాటతో నిజం తుపాకీ అయి కూర్చుంది. ఎవరు రాశారు, ఎందుకు రాశారు అని అడిగితే? ఈ దేశంలో ఉండనిచ్చే కార్డు, నా ఇఖామా, స్కూలు కఫాలత్ మీద, అంటే వాళ్ల పూచీ మీద ఉంది. ఊళ్లో అయితే అడిగితే పోయేదేముందని నలుగురితో వాదించేదాన్ని. ఇక్కడికొచ్చాక మేమంతా నేర్చుకున్నది ఒకటే, ఎవరి కంటా పడకుండా బతకడం. ఆ గడిని ఖాళీగా వదిలేసి పంపాను. మర్నాటికల్లా సంతకమై తిరిగొచ్చింది.

ఆ మధ్యాహ్నం పిల్లకు చెప్పాను.

"చెక్క తుపాకులు వద్దన్నారు పాపా. ఒప్పుకోలేదు."

"ఎవరు ఒప్పుకోలే మేడం?"

"ముదీరా."

ఆ మాట నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

దాని కోసం సన్నటి గొట్టం ఒకటి ఏరి, పట్టు జారకుండా టేపు చుట్టించాను. ఉక్కపోతకు చెమటలు కారి అదీ జారింది. చుట్టు తిప్పిన ప్రతిసారీ ఎడమచేతి దగ్గర తడబడేది. ఒకరోజు గొట్టం ఎగిరి పక్కపిల్ల పాదం మీద పడింది. ఆ పిల్ల తనంతట తనే గొట్టాన్ని తీసి సంచిలో పెట్టేసి, "నేను జెండాలు మడతపెడ్త మేడం" అంది. నేను వద్దనలేదు. దాచడమెందుకు, హమ్మయ్య అనుకున్నాను. ఆ తర్వాత గేటు దగ్గర వాళ్ల నాన్న నమస్కారం పెట్టి వెళ్లిపోయేవాడు, ముందు వరుస మాట ఎత్తలేదు.

వార్షికోత్సవం బాగానే జరిగింది. పన్నెండు జెండాలూ ఒక్కసారే లేచాయి, చప్పట్లు మోగాయి. పక్కన నిలబడి ఆ పిల్ల జెండాలు మడతపెడుతుండగా ముదీరా నవ్వుతూ మా దగ్గరికొచ్చి అరబ్బీలో ఏదో చెప్పింది. నాకొచ్చిన అరబ్బీ కొట్లో సామాన్లు కొనడానికే సరిపోతుంది. పిల్లలకు బళ్లో నేర్పుతారు కాబట్టి దాని వైపు చూశాను. దాని చేతులు ఆగిపోయాయి.

"జెండాలు మంచిగున్నయంటున్నరు మేడం. వేరే స్కూల్ల ఆడపిల్లలు చెక్క తుపాకులు ఎగరేస్తుంటే చూసిన్రంట. మనమెందుకు పెట్టలేదని అడుగుతున్నరు." ముదీరా ఇంకో మాట కలిపింది. "అడిగితే సంతకం పెట్టేదాన్ని గదా అంటున్నరు."

నాకు తల కొట్టేసినట్టయింది. ముదీరా జవాబు కోసం చూస్తోంది. ఆ పిల్ల ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, ఆవిడ వైపు తిరిగి అరబ్బీలో నిదానంగా ఏదో చెప్పింది. ఆవిడ తలూపి, దాని బుగ్గ తట్టి వెళ్లిపోయింది.

"ఏం చెప్పినావు పాపా?"

"చెక్కలు బరువున్నయి, అందరికి చేతులు నొస్తున్నయని మనమే వద్దనుకున్నమని చెప్పిన." మళ్లీ జెండా మీదికి వంగింది. "మీరు అడగనే లేదని చెప్పలే మేడం. చెప్తే మీ ఇఖామాకు ఏమన్న అయితదేమోనని."